లైవ్ క్లాసా, రికార్డింగా? ఏది మేలు?

చెన్నైలో వాన సెలవులు మొదలైతే చాలు, పిల్లలు మళ్లీ అదే అడుగుతారు: "సార్, క్లాసు లైవ్‌లో చెబుతారా, రికార్డ్ చేసి పెడతారా?" ఆన్‌లైన్ డిగ్రీలో పిల్లల్ని చేర్చాలనుకునే తల్లిదండ్రులు నెల్లూరు నుంచి, సూళ్లూరుపేట నుంచి ఫోన్ చేసి అడిగేదీ ఇదే. కరోనా కాలంలో ఇక్కడి ఇంజనీరింగ్ పిల్లలకు ఇంటి నుంచే పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

లైవ్ క్లాసుతో పెద్ద లాభం క్రమం తప్పకపోవడం. తొమ్మిదింటికి క్లాసు ఉందంటే పిల్లాడు లేస్తాడు, ఫోన్ ముందు కూర్చుంటాడు. అయితే గంట వీడియో క్లాసుకు సుమారు ఒక జీబీ అయిపోతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్న ఇంట్లో రెండో క్లాసు సగంలోనే ఆగిపోయేది. తమిళనాడు ప్రభుత్వం 2021 జనవరి నుంచి ఏప్రిల్ వరకు కాలేజీ విద్యార్థులకు రోజుకు 2 జీబీ డేటా ఉచితంగా ఇస్తామంది. సుమారు 9.69 లక్షల మందికి ఉద్దేశించిన ఆ పథకం నిజంగా మంచిది. కానీ డేటా ఉన్నా సిగ్నల్, కరెంటు కూడా ఉండాలి కదా. 2020 నవంబరు చివర్లో నివర్ తుఫాను వచ్చినప్పుడు నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో కుండపోత వానలు. అలాంటి రోజున లైవ్ తప్పిందంటే ఆ పాఠం పోయినట్టే.

రికార్డింగ్‌కు ఆ బెంగ లేదు. పైగా మన పిల్లల విషయంలో ఇంకొకటి ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి చెన్నై వచ్చిన పిల్లలకు మొదటి ఏడాది ఇంగ్లీషు పాఠమే బరువు. లెక్చరర్ వివరంగా చెబుదామని మధ్యలో తమిళంలోకి వెళితే ఆ కాస్తా అందదు. క్లాసులో అయితే పక్క బెంచీవాడిని "ఏం చెప్పాడ్రా?" అని అడిగేవాడు. ఇంట్లో ఒంటరిగా ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఎవరిని అడుగుతాడు? అదే రికార్డింగ్ అయితే ఆపి, వెనక్కి తిప్పి, మూడుసార్లు వింటాడు. మ్యాథ్స్, సర్క్యూట్స్ లాంటి సబ్జెక్టుల్లో ఇది చాలా పెద్ద సాయం. ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమంగా 2003లో మొదలైన ఎన్‌పీటీఈఎల్ వీడియోలను ఇన్నేళ్లుగా పిల్లలు చూస్తున్నది కూడా ఇందుకే.

ఇంతకీ పిల్లలకు తృప్తినిచ్చింది ఏది? నా దృష్టిలో అసలు విషయం డౌట్‌కు జవాబు రావడం. మైఖేల్ మూర్ అనే విద్యావేత్త 1989లోనే దూరవిద్యలో విద్యార్థికి మూడు రకాల సంబంధాలు ఉంటాయన్నాడు: పాఠంతో, గురువుతో, తోటివాళ్లతో. లాక్‌డౌన్‌లో పాఠం ఎలాగోలా అందింది, మిగతా రెండూ తెగిపోయాయి. డెబ్బై మంది మ్యూట్‌లో ఉన్న లైవ్ క్లాసులో నోరు తెరవడానికి పిల్లలకు ధైర్యం చాలేది కాదు. అడగలేని లైవ్‌కు, రికార్డింగ్‌కు తేడా ఏముంది? సాయంత్రంలోగా జవాబు వచ్చిన సబ్జెక్టులో, అసైన్‌మెంట్ ఎక్కడ తప్పిందో రాసి తిరిగి ఇచ్చిన సబ్జెక్టులో పిల్లలు నెట్ కష్టాలున్నా ఓర్చుకున్నారు. పట్టించుకునే మనిషి లేనిచోట మంచి వీడియో ఉన్నా విసిగిపోయారు. రెండు వారాలు కనిపించని పిల్లాడికి ఒక్క ఫోన్ చేస్తే మళ్లీ క్లాసులకు రావడం నేను చాలాసార్లు చూశాను.

అందుకే నా ఓటు రికార్డింగ్‌కే, కాకపోతే ఒక షరతుతో. పాఠం పావుగంట ముక్కలుగా రికార్డ్ చేసి పెట్టాలి, వారానికి ఒక గంట ఇరవై మందికి మించని బ్యాచ్‌తో లైవ్‌లో డౌట్లు తీర్చాలి. ఆ గంట కూడా లేని ఉత్త రికార్డింగ్ కన్నా, పేరు పెట్టి పిలిచి అడిగే లెక్చరర్ లైవ్ క్లాసే నయం.

వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు, వాయిస్ మెసేజ్‌లు అత్యవసరానికి పనికొస్తాయి, అంతే. ల్యాబ్ సంగతికొస్తే లైవ్, రికార్డింగ్ రెండూ చాలవు. కంప్యూటర్ తెర మీదే ప్రయోగాలు చేయించే వర్చువల్ ల్యాబ్స్‌లో సూత్రం అర్థమవుతుంది గానీ సోల్డరింగ్ చేతికి రాదు.

ఐఐటీ మద్రాస్ 2020 జూన్‌లో ప్రకటించిన ఆన్‌లైన్ డిగ్రీలో పాఠాలు రికార్డింగులే, వారం వారం అసైన్‌మెంట్లు, డౌట్లకు లైవ్ సెషన్లు ఉంటాయి. మీరు ఏ కోర్సులో చేర్చినా ఫీజు కట్టే ముందు ఈ మూడు అడగండి: డౌట్ అడిగితే ఎవరు జవాబిస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఒక్కొక్కరి కింద ఎంతమంది పిల్లలుంటారు? లైవా, రికార్డింగా అన్నది ఆ తర్వాత అడగొచ్చు.