అడగడం నేర్పారు, సర్టిఫికెట్ మాత్రం ఇవ్వలేదు

అమీర్‌పేట మెట్రో దిగి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్ గురించి ఇది. కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయట్లేదు. సాయంత్రం బ్యాచ్, ఫీజు రూ.4,500.

నాకు ఇంగ్లీష్ అస్సలు రాదని కాదు, చదువుతా, మెయిల్ కూడా ఎలాగోలా రాసేస్తా. కానీ కాల్‌లో పని ఎప్పటికవుతుందో అడగాలంటేనే టెన్షన్, గట్టిగా అడిగితే దబాయించినట్టుంటుంది, మెత్తగా అడిగితే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడి సార్ దీనికోసమే ఒక క్లాసు పెట్టారు. మనలో చాలామంది "వెన్ ఇట్ విల్ బి రెడీ?" అనేస్తాం కదా, సూటిగా అడిగేటప్పుడు "వెన్ విల్ ఇట్ బి రెడీ?" అనాలట, ముందు "కుడ్ యు టెల్ మీ" తగిలిస్తే మాత్రం మళ్లీ "వెన్ ఇట్ విల్ బి రెడీ" అనే రావాలి. స్కూల్లో ఇది ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. అలాగే "ఎప్పటివరకు అవుతుంది" అనే అలవాటుతో "టిల్ వెన్" అంటుంటాం, గడువు అడిగేచోట "బై" వాడాలి: "కెన్ యు ఫినిష్ ఇట్ బై ఫ్రైడే?" ఇలా రోజు మనమే చెప్పి అడిగితే అవతలివాళ్లు అవునో కాదో తేల్చక తప్పదు. గ్రామర్ కంటే నాకు ఈ చిట్కానే ఎక్కువ పనికొచ్చింది.

ప్రాక్టీస్ బాగుంటుంది. ఇద్దర్ని వీపులు ఆనించి కూర్చోబెడతారు, ఒకరు టైలర్, ఇంకొకరు కస్టమర్. మొహం కనపడదు కాబట్టి చేతులూపి మేనేజ్ చేయడం కుదరదు. టైలర్ "ఆల్మోస్ట్ డన్" అంటూ తప్పించుకోవాలి, కస్టమర్ వదలకుండా "సో, విల్ ఇట్ బి రెడీ టుమారో?" అని పట్టుకోవాలి. నవ్వులే నవ్వులు, కానీ నోరు తిరుగుతుంది.

ఇక తిట్లు. జనం ఎక్కువ, వెనక బెంచీ వాళ్లకి మాట్లాడే వంతు రావడమే గగనం. ఇచ్చే జిరాక్స్ పుస్తకం ఏ కాలం నాటిదో, ప్రతి ఉత్తరం చివర "డూ ద నీడ్‌ఫుల్" అనే ఉంటుంది. సర్టిఫికెట్ ఎప్పుడిస్తారంటే రిసెప్షన్‌లో "నెక్స్ట్ వీక్ సార్" అన్నారు, నేర్పినట్టే "కెన్ ఐ హావ్ ఇట్ బై మండే?" అని అడిగా, "చూద్దాం సార్" అని తెలుగులో తేల్చేశారు. ఇంతవరకు అతీగతీ లేదు.

సర్టిఫికెట్ కోసమైతే చేరకండి. మాట్లాడటానికైతే డబ్బులు దండగ కావు. పొద్దున 7 గంటల బ్యాచ్ కాస్త పలచగా ఉంటుంది, అది అడగండి, ఫీజు రెండు విడతలకి ఒప్పుకుంటారు, మొత్తం ఒకేసారి కట్టేయకండి.