అర వాటు వాకీటాకీతో ఐదేళ్లు

వాకీటాకీ పెట్టె మీద ‘10 కిలోమీటర్లు’ అని పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. కొన్న తరువాతి ఆదివారం తెల్లవారుజామున మా బావమరిదిని ప్రకాశం బ్యారేజీ సీతానగరం చివర నిలబెట్టి, నేను విజయవాడ వైపు నిలబడి బటన్ నొక్కాను. కిలోమీటరు పైచిలుకు దూరం. పక్కన కూర్చుని మాట్లాడినట్టే వినిపించింది. టీ తాగి, అవే సెట్లతో గవర్నర్‌పేట సందుల్లోకి వెళ్లాం. నాలుగు వీధులు అటూ ఇటూ అయ్యేసరికి గరగర తప్ప ఇంకేమీ లేదు. తిరిగి కలుసుకున్నాక వాడు అడిగిన మొదటి మాట: “బావా, ఆ పది కిలోమీటర్లు ఏవి?”

అది 2021 జనవరి. అప్పటికి మేము మూడు బండ్ల వాళ్లం. నాది థార్, బావమరిదిది పాత జిప్సీ, గుంటూరు మిత్రుడిది మరో థార్. 2023లో ఒక జిమ్నీ చేరింది. పల్నాడు డొంకలు, కొండవీడు చుట్టుపక్కల రాళ్ల దారులు, కాలువ కట్టలు మా ఆదివారాలు. ఏడాదికి ఒకసారి మారేడుమిల్లి. ఫోను ఉండగా ఇవి ఎందుకని ఇంట్లో అడిగారు. ఘాట్‌లో సిగ్నల్ ఉండదని చెప్పి తప్పించుకున్నాను కానీ, అసలు కారణం అది కాదు. ముందు బండి గుంటలోకి దిగితే వెనక ఉన్న అందరికీ ఒకేసారి, ఆ క్షణంలోనే తెలియాలి. నంబరు వెతికి, రింగయ్యి, అవతలి వాళ్లు ఎత్తేలోపు రెండో బండి కూడా అదే గుంటలో ఉంటుంది.

కొనేముందు చాలా తిరిగాను. మొదట చూసింది అందరూ చూసేదే, చవకగా దొరికే ఐదు వాట్ల చైనా సెట్టు. దుకాణంలో అతను “లైసెన్సు ఏమీ అక్కరలేదు సార్, పెళ్లిళ్లకు కూడా ఇవే తీసుకెళ్తున్నారు” అన్నాడు. అది అబద్ధం. ఆ సెట్టు ఇతరులకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల మీద కూడా పలుకుతుంది. ఇతరుల సంభాషణలోకి చొరబడడానికి ఒక్క తప్పు మీట చాలు. మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే సెట్లకు 2018 నిబంధనల ప్రకారం లైసెన్సు మినహాయింపు ఉంది. ఆ మోడల్‌కు ఈటీఏ, అంటే ఆ రకం పరికరానికి కేంద్ర వైర్‌లెస్ విభాగం ఇచ్చే ఆమోదం, ఉండి తీరాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఈ వివరాలు స్పష్టంగా చూపాలని 2025లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. బిల్లు, ఈటీఏ కాగితం ఫోటో తీసి ఫోనులో పెట్టుకున్నాను. ఒకసారి మంగళగిరి దగ్గర వాహనాల తనిఖీలో ఒక కానిస్టేబుల్ సెట్టు చూసి పద్ధతిగానే అడిగారు. ఫోటో చూపించాను, రెండు నిమిషాల్లో పంపించారు. ఆ చైనా సెట్టే చేతిలో ఉంటే ఏం చెప్పేవాడినో నాకే తెలియదు.

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో అమెరికాలో మనిషి లేని ఇల్లు తక్కువ కాబట్టి రెండో దారి కూడా ఎదురైంది. మా పిన్ని కొడుకు అక్కడి నుంచి ఒక జత తెచ్చాడు. చూడముచ్చటగా ఉన్నాయి. కానీ అవి 462, 467 మెగాహెర్ట్జ్ మీద పలుకుతాయి. అక్కడ అది కుటుంబాల కోసం కేటాయించిన బ్యాండ్, ఇక్కడ కాదు. అటక ఎక్కించాను. పిన్నికి ఇప్పటికీ కోపమే.

మూడోది 27 మెగాహెర్ట్జ్ సెట్టు. దానికీ ఐదు వాట్ల వరకు మినహాయింపు ఉంది కాబట్టి మిత్రుడి దగ్గర తెచ్చి రెండు వారాలు వాడి చూశాను. ఆ తరంగం పొడవు 11 మీటర్లు. అందులో నాలుగో వంతు యాంటెన్నా కావాలన్నా తొమ్మిది అడుగులు. చేతి సెట్టుకు ఉన్నది జానెడు రబ్బరు కొమ్మ. పైగా జిప్సీ ఇంజిన్ తిరుగుతున్నంతసేపు స్పార్క్ ప్లగ్గుల టకటక మాటలకన్నా గట్టిగా వినిపించింది. ఇచ్చేశాను. అభిరుచి కోసం నడిపే హామ్ రేడియో మీద ఆశ ఉండేది కానీ, అందులో పరీక్ష రాసి లైసెన్సు పొందినవాళ్లు మరో లైసెన్సుదారుతోనే మాట్లాడాలి. మా బృందంలో ఆ పరీక్షకు కూర్చునే ఓపిక ఉన్నది నాకొక్కడికే.

అలా 446 మెగాహెర్ట్జ్, అర వాటు చేతి సెట్లు మిగిలాయి. జత తొమ్మిది వేలకు అటూఇటుగా పడింది, రెండు జతలు కొన్నాం.

ఆ పది కిలోమీటర్ల లెక్కకు వస్తే, అది పూర్తిగా అబద్ధం కాదు. మనిషి కంటి ఎత్తు నుంచి చదును నేల మీద దిగంతం నాలుగున్నర కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఇటువైపు అంత, అటువైపు అంత కలిపితే తొమ్మిది. మధ్యలో చెట్టు, ఇల్లు, గట్టు ఏవీ లేకపోతేనే ఆ లెక్క. ఈ తరంగం చూపు లాంటిది, కొండను చుట్టి రాదు. కొండవీడు కోట మీద నిలబడి కింద మైదానంలో దాదాపు ఐదు కిలోమీటర్ల దూరాన టీ కొట్టు దగ్గర ఆగిన జిమ్నీతో తేటగా మాట్లాడాను. అదే రోజు ఘాట్ రోడ్డులో రెండు మెలికల వెనక, మూడు వందల మీటర్ల దూరంలో ఉన్న థార్‌కు నా గొంతు చేరలేదు. ఇక్కడ వాట్లు పెంచితే సరిపోతుందనుకోవడం పొరపాటు. ఖాళీ మైదానంలోనైనా దూరం రెట్టింపు కావాలంటే శక్తి కనీసం నాలుగింతలు కావాలి. మధ్యలో కొండ ఉంటే అదీ పనికిరాదు. బండి ఇనుప డొల్లలో ఒళ్లో పెట్టుకుని మాట్లాడేవాడు, సెట్టును నిటారుగా కిటికీ బయటకు చాపితే ఏమీ ఖర్చు లేకుండానే దూరం పెరుగుతుంది.

ఇప్పటివరకు చెప్పింది కొనేవాడి దిగులు. వాడేవాడి దిగులు వేరు, అది నాకు 2022 అక్టోబరులో సత్తెనపల్లి అవతల ఒక డొంకలో తెలిసింది.

ముందు రోజు వాన పడింది. నల్లరేగడి సంగతి తెలిసిన వాళ్లెవరూ ఆ రోజు బండి తీయరు, మేము తీశాం. టైరు గాడులన్నీ మట్టితో నిండిపోయి చక్రం గుమ్మడికాయలా నున్నగా అయింది. ఒకచోట దారికి అడ్డంగా పంట కాలువ, దాని మీద రెండు తూములు వేసి మట్టి కప్పారు. బావమరిది సెట్టు తీసుకుని నడిచి అవతలికి వెళ్లి చూశాడు. ఎడమ వైపు తూము కింద మట్టి కోసుకుపోయింది. వాడు బటన్ నొక్కి “రావద్దు” అన్నాడు. అంటూనే బటన్ వదిలేశాడు. నాకు వినిపించింది “రావ…”, ఆ పైన గరగర. మిగతాది నా బుర్ర పూరించుకుంది. “రావచ్చు” అని.

ముందు ఎడమ చక్రం నెమ్మదిగా, చాలా మర్యాదగా కాలువలోకి దిగింది.

లాగడానికి ట్రాక్టరు వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రైతు తాడు కడుతూ కథంతా విని, “ఆ రేడియో లేకపోతే తమరే దిగి చూసుకునేవారు కదండీ” అన్నాడు. సమాధానం చెప్పలేకపోయాను.

తెలుగులో చిక్కు ఇదే. వద్దనే మాట చివరికి వస్తుంది, వాకీటాకీ మింగేది ఆ చివరనే. రావచ్చు, రావద్దు; తిప్పవచ్చు, తిప్పవద్దు. గాలి హోరులో అంతా ఒకటే. మరుసటి ఆదివారం కూర్చుని మాటలు మార్చుకున్నాం. ఈ సమస్యను ఎప్పుడో తీర్చేసింది మన బస్సు కండక్టర్లు. ఆపడానికి ‘హోల్డాన్’, పోవడానికి ‘రైట్’. ఒకదానితో ఒకటి పొరపడే అవకాశమే లేదు. అవే పెట్టుకున్నాం. దిక్కు చెప్పడానికి కుడి, ఎడమ మాత్రమే, రైట్ అంటే పోవడమే. బటన్ నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడడం, మాట అయ్యాక ఒక క్షణం ఆగి వదలడం అలవాటు చేసుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

పిలుపులతో మరో తంటా. మా నలుగురిలో ముగ్గురు ఒకరికొకరు బావలే. “బావా, ముందు రాయి ఉంది చూడు” అంటే ముగ్గురూ బ్రేకు వేసేవాళ్లం. ఇప్పుడు ఒకటో బండి, రెండో బండి అనే పిలుస్తున్నాం.

ఈ సెట్ల మీద నా గౌరవం పెరిగింది మాత్రం ఆటలో కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పెద్దమ్మ వాళ్లు రెండో అంతస్తులో చిక్కుకున్నారు. కరెంటు లేదు, మరునాటికి వాళ్ల ఫోన్లన్నీ చార్జింగ్ అయిపోయి ఆగిపోయాయి. నా థార్ ఫ్లైఓవర్ దగ్గరే ఆగింది. దాని అవతల నీళ్లలో దానికి పని లేదు. బావమరిది నీళ్ల సీసాలు, పులిహోర పొట్లాలు వేసుకుని పడవ ఎక్కాడు, ఒక సెట్టు ప్లాస్టిక్ సంచిలో కట్టి మెడకు వేసుకున్నాడు. ఆ అపార్టుమెంట్ల మధ్య ఐదారు వందల మీటర్లకు మించి అందలేదు. కానీ వాడు మేడ మెట్లెక్కి పై నుంచి పిలిస్తే అందింది. “పెద్దమ్మకు బీపీ మాత్రలు కావాలి, ఇంకో ఇంట్లో పసిపిల్లకు పాలపొడి” అని చెప్పాడు. తరువాతి పడవలో పంపాను. ఒక సెట్టు పెద్దమ్మ దగ్గరే ఉంచి వచ్చాడు. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఆరుకు పది నిమిషాలు మాత్రమే ఆన్ చేయమన్నాం. మూడు రోజులు ఒకే చార్జింగ్‌తో నెట్టుకొచ్చింది.

ఐదేళ్లలో పాడైనవి చెప్పాలి. నాలుగు సెట్లకూ నడుముకు తగిలించే క్లిప్పు విరిగింది. ప్లాస్టిక్ నాసిరకం, ఇందులో క్షమించడానికి ఏమీ లేదు. చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత రెండింటికి ఊడిపోయింది, దుమ్ము చేరి ఒకటి చార్జింగ్ ఎక్కడం మానేస్తే ఆటోనగర్‌లో టూత్‌బ్రష్షుతో తుడిచి ఇచ్చారు. బ్యాటరీలు మూడో ఏడాది దాటాక రోజంతా రావడం లేదు, కొత్తవి వేశాను. ఒకటి మే నెలలో బండి ముందు అద్దం కింద వదిలేసినందుకు ఉబ్బింది. అది బెజవాడ ఎండ పని, సెట్టు తప్పు కాదు. గొంతు వినగానే దానంతట అదే ఆన్ అయ్యే సౌకర్యాన్ని మొదటి రోజే ఆపేయండి. మన గొంతుకన్నా ముందు ఇంజినే మాట్లాడుతుంది.

అన్నింటికన్నా ఎక్కువమందిని మోసం చేసేది ‘38 రహస్య కోడ్‌లు’ అనే మాట. అందులో రహస్యం ఏమీ లేదు. ఆ కోడ్ మనకు అక్కరలేని వాళ్ల మాటలు మన స్పీకరులో వినిపించకుండా చేస్తుంది, అంతే. కోడ్ పెట్టుకోని వాడు మన మాటలన్నీ హాయిగా వినగలడు. గత నెల మా బృందంలోకి ఐదో బండి వేరే కంపెనీ సెట్టుతో వచ్చింది. ఛానెల్ ఒకటే, కోడ్ అంకె కూడా ఒకటే, అయినా మా మాట అతనికి వినపడదు, అతని మాట మాకు వినపడదు. సగం ఉదయం దాని మీదే గడిచింది. ఒక్కో కంపెనీ ఆ అంకెలను ఒక్కో వరుసలో వేసుకుంటుందని ఆలస్యంగా తట్టింది. అతని కోడ్ సున్నాకు తిప్పగానే మా గోల వినిపించింది, మావీ తిప్పాక అతని గొంతు మాకు వచ్చింది. ఇప్పుడు ఐదు సెట్లూ సున్నా మీదే ఉన్నాయి.