పాయింట్ మోటారు: సోలెనాయిడా, సర్వోనా?

విశాఖలో మోడల్ రైల్వే లేఅవుట్ కట్టేవాళ్లకు పట్టాలు పరిచాక మొదలయ్యే తలనొప్పి ఇది: పాయింట్లను, అంటే రైలు దారి మార్చే పట్టాల జోడింపులను, కదిపే మోటారుగా ఏది పెట్టాలి? సోలెనాయిడ్ అంటే కరెంటు అందగానే కడ్డీని ఒక్క ఉదుటున లాగే కాయిల్. సర్వో అంటే చెప్పినంత కోణానికి తిరిగే చిన్న మోటారు.

వైరింగ్: సోలెనాయిడ్‌కి మూడు వైర్లు, రెండు పుష్ బటన్లు, అంతే. సర్వోకీ మూడు వైర్లే, కానీ ఆర్డుయినో లాంటి ప్రోగ్రామ్ చేసుకునే చిన్న బోర్డు, 5 వోల్టుల సప్లై, కాస్త కోడింగ్ కావాలి.

ఖర్చు: ఎస్‌జీ90 సర్వో డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగి చూడండి, చవకే. సోలెనాయిడ్ మోటార్లు ఎక్కువగా బయటి దేశాల సరుకు.

రిస్క్: సోలెనాయిడ్‌కి కరెంటు క్షణంసేపే అందాలి. బటన్ ఇరుక్కుపోతే కాయిల్ కాలిపోతుంది. దానికి తోడు బీచ్ దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి కాంటాక్టులు చిలుం పడతాయి, దెబ్బ గట్టిగా తగలక టంగ్ రైల్ (పాయింటులో కదిలే పట్టా) సగంలో ఆగుతుంది. అందుకే మధ్యలో సీడీయూ (కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్) పెట్టాలి. కెపాసిటర్‌లో నిండిన చార్జి ఒక్కసారిగా దిగుతుంది, బటన్ నొక్కి పట్టుకున్నా కాయిల్ కాలదు. ఇది లేకుండా సోలెనాయిడ్ జోలికి పోవద్దనే అంటాను.

సర్వో నిదానంగా, నిజం పాయింటులా కదులుతుంది. పవర్ ఆన్ చేయగానే కొన్నిసార్లు ఉలిక్కిపడటం దాని జబ్బు.

నాలుగైదు పాయింట్లే ఉండి, కోడ్ అంటే టెన్షన్ అయితే సీడీయూతో సోలెనాయిడ్. యార్డు పెద్దదై, కంప్యూటర్‌తో నడపాలనుంటే సర్వో.