కానాగంతలు అమ్మి, కోయడం కూడా నేర్పిన చేపలావిడ

మా ఇంట్లో చేపలు బాగుచేయడం ఎప్పుడూ అమ్మ పనే. గత నెల ఆమెకు కంటి శుక్లం ఆపరేషన్ కావడంతో వంటగది నా చేతికి వచ్చింది. నలభై రెండేళ్లలో నేను ఒక్క చేపనూ కోసి ఎరగను. ఆదివారం ఆరింటికల్లా విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి, వరస చివర నీలం టార్పాలిన్ కింద కూర్చుని చేపలమ్మే ఆవిడ దగ్గర కిలో కానాగంతలు (మాకెరెల్ చేపలు) తీసుకున్నాను. 220 రూపాయలు. కోసి ఇస్తే ఇంకో 30.

“ఆ ముప్పై కూడా ఇస్తాను, కోయడం నాకు నేర్పమ్మా” అన్నాను.

ఆమె కత్తిపీట పక్కకు జరిపి చిన్న కత్తి అందించింది. “పీట తర్వాత, బాబూ. ముందు దీంతో చెయ్యి కుదరాలి.”

తోక నుంచి తల వైపు గీకించింది. మొప్పలు వేలితో లాగించింది. కడుపు కోసేటప్పుడు మాత్రం నా మణికట్టు పట్టుకుంది. మొన లోతుగా దిగితే పిత్తాశయం పగిలి కూరంతా చేదవుతుందట. పేగులు తీసేశాక పనైపోయిందనుకున్నాను. వెన్నుముల్లును ఆనుకుని నల్లటి గీతలా రక్తం గడ్డకట్టి ఉంటుంది, దాన్ని గోటితో తోయాలి. నీచు వాసనంతా అక్కడే. నా మూడో చేపలో బొటనవేలు పెట్టి చూసి, “ఇంకా ఉంది” అని తిరిగి ఇచ్చేసింది. వెనక నలుగురు నిలబడి ఉన్నా విసుక్కోలేదు.

ఈ ఊళ్లో ఉండి చేపల్ని పరిశీలించిన స్కాటిష్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ 1803లో అచ్చయిన తన పుస్తకంలో మనవాళ్లు పిలిచే పేర్లే రాశాడు. అందుకే ఈ చేప శాస్త్రీయ నామంలో ఇప్పటికీ ‘కనగుర్త’ ఉంది. ఆ సంగతి చెబితే, “పట్టేది మేమైతే ఇంకెవరి పేరు పెడతారు?” అంది.

ఆవిడ ఒక్కటి సరిచేసుకోవాలి. ఎండెక్కాక గంపలో పైన ఉన్న చేపలకు ఐసు అందడం లేదు. కానాగంతలు వేడిలో ఉంటే హిస్టమిన్ అనే, ఒంటికి పడని పదార్థం పుడుతుంది, అది ఉడికించినా పోదు. ఏడు లోపే వెళ్లండి, ఐసు వేసిన డబ్బా వెంట తీసుకెళ్లండి. నేల తడిగా ఉంటుంది, పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం కాబట్టి ఆ 61 రోజులూ ఇన్ని రకాలు దొరకవు.

మరుసటి ఆదివారం కిలో చేపలూ ఇంట్లో నేనే కోసి, రాళ్ల ఉప్పు, పసుపు వేసి కడిగాను. అమ్మ నల్ల కళ్లద్దాలతోనే వచ్చి, ఒక చేప కడుపులో వెన్నుముల్లు వెంట వేలితో తడిమి చూసింది.

“చింతపండు నానబెట్టు” అంది.