నయాగరా దారిలో లూసీ ఊరు

పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి దర్శనం, అక్కడి నుంచి నయాగరా. అమెరికా తూర్పు తీరానికి పెద్దవాళ్ళను రప్పించుకున్న తెలుగు కుటుంబాలకు ఇది దాదాపు ఖరారైన యాత్ర. సెప్టెంబరు చివరి వారంలో మేమూ మా అత్తయ్యను, అమ్మాయిని కారులో ఎక్కించుకుని ఎడిసన్ నుంచి అదే దారి పట్టాం. మధ్యలో నేను చేర్చింది ఒకే ఒక్క ఊరు, జేమ్స్‌టౌన్.

"అక్కడేముంది?" అన్నారు మా ఆయన.

"లూసీ ఊరది."

"ఏ లూసీ?"

ఆయనకు తెలియదు పాపం. పగలంతా ఆఫీసులో ఉండేవారు కదా. 2001లో పెళ్ళయి హెచ్-4 వీసా మీద వచ్చిన నేను మాత్రం పగలంతా ఇంట్లోనే. అప్పట్లో ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఎం.కామ్. పట్టా సూట్‌కేసు అడుగున పడి ఉండేది. ఇంగ్లీషు చెవికి అలవాటు కావాలని టీవీ పెట్టుకుంటే, నలుపు తెలుపుల్లో ఒకావిడ పెద్ద పెద్ద కళ్ళు ఇంకా పెద్దవి చేసుకుని ఏడ్చేది. న్యూయార్కులో చిన్న ఫ్లాటు. భర్త రికీ బ్యాండు నడుపుతాడు. తానూ రంగస్థలం ఎక్కాలని ఆవిడ కోరిక, కుదరదంటాడు ఆయన. వారం వారం అదే తగాదా, అదే నవ్వు. కూరలు తరుగుతూ ఆ 'ఐ లవ్ లూసీ' చూసి నవ్వేదాన్ని. కొన్నిసార్లు నవ్వు సగంలోనే ఆగిపోయేది.

ఆ పాత్ర వేసిన లూసీల్ బాల్ పుట్టిన ఊరే జేమ్స్‌టౌన్. న్యూయార్కు రాష్ట్రమే అయినా న్యూయార్కు నగరానికి చాలా దూరం. పడమటి అంచున, చటాక్వా సరస్సు చివర ఉంటుంది. పిట్స్‌బర్గ్ నుంచి ఎరీ వైపు ఐ-79 మీద వెళ్ళి ఐ-86 పట్టుకుంటే సుమారు మూడు గంటలు, అక్కడి నుంచి బఫెలోకు మరో గంటన్నర. అంటే నయాగరా వెళ్ళేవాళ్ళకు పెద్ద చుట్టు కాదు. కారు లేకుండా మాత్రం వెళ్ళవద్దు. ఊళ్ళో మ్యూజియాలు నడక దూరంలోనే ఉన్నా, మిగతావన్నీ విడివిడిగా ఉన్నాయి.

మొదటి రాత్రి డబ్బు మిగుల్చుదామని హైవే పక్కన ఒక మోటెల్ తీసుకున్నాం. పేరు చెప్పను. పొగతాగని గది అని బోర్డు ఉన్నా దిండ్లకు సిగరెట్ల వాసన. కిటికీలోని ఏసీ రాత్రంతా ట్రాక్టరులా మోగింది. అత్తయ్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పడుకున్నారు. గది మార్చమని అడిగితే ఖాళీ లేదన్నారు, బయట చూస్తే మాది కాక మూడే కార్లు. రెండో రాత్రి ఆ పొరపాటు చేయలేదు. ఊరికి ఆనుకునే ఉన్న సెలొరాన్‌లో సరస్సు ఒడ్డున చటాక్వా హార్బర్ హోటల్ ఉంది. అద్దె బాగా ఎక్కువే. కానీ తెల్లవారుజామున బాల్కనీలోంచి నీళ్ళ మీద పొగమంచు చూస్తూ అత్తయ్య జపం చేసుకున్నారు కాబట్టి మా ఆయన బిల్లు గురించి నోరెత్తలేదు.

భోజనం సంగతి ముందే చెబుతాను, శాకాహారులకు అవసరం. ఇది కోడి రెక్కల వేపుడుకు, శుక్రవారం చేపల వేపుడుకు పేరున్న ప్రాంతం. ఒక చోట బంగాళాదుంప వేపుడు అడిగితే వడ్డించే అమ్మాయి, అదే నూనెలో చేపలు కూడా వేయిస్తామని తనంతట తానే చెప్పింది. ఆ నిజాయితీకి ఆమెకు టిప్పు కొంచెం ఎక్కువే ఇచ్చాం. పిట్స్‌బర్గ్ గుడి క్యాంటీనులో కట్టించుకున్న పులిహోర రెండు పూటలు ఆదుకుంది. మీరూ ఒక పొట్లం అదనంగా కట్టించుకోండి.

ఊళ్ళో చూడవలసినవి రెండు మ్యూజియాలు. ఒకటి లూసీల్ బాల్, ఆమె భర్త డెజీ ఆర్నాజ్‌ల పేర ఉన్నది. రెండోది 2018లో తెరిచిన జాతీయ హాస్య కేంద్రం. ఐదు నిమిషాల నడక. రెండింటికీ కలిపి ఒకే టికెట్టు తీసుకున్నాం.

హాస్య కేంద్రంలో ముందు చేతికి ఒక పట్టీ కడతారు. మనకు ఏ తరహా హాస్యం ఇష్టమో అడిగి అందులో నమోదు చేస్తారు, ఆ తర్వాత లోపలి తెరలు మన అభిరుచిని బట్టి దృశ్యాలు చూపిస్తాయి. మా అమ్మాయి రెండున్నర గంటలు బయటికి రాలేదు. నేల మాళిగలో పెద్దలకు మాత్రమే అన్న విభాగం ఒకటి ఉంది, పిల్లలతో వెళ్ళేవాళ్ళు గమనించండి. అమెరికా హాస్యనటుల పేర్లు, వాళ్ళ జోకులు కొంతైనా తెలిసినవారికి ఇది పండగ. అత్తయ్యకు మాత్రం ఇది అయోమయం. ఆవిడ ఒక బల్ల చూసుకుని కూర్చున్నారు. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఇక్కడ గంట చాలు, మిగతా సమయం లూసీ మ్యూజియానికి ఉంచుకోండి.

లూసీ మ్యూజియంలో నాకు కాళ్ళు ఆగిన చోటు ఆ ఫ్లాటు. ధారావాహికలోని ముందు గదిని యథాతథంగా నిర్మించి పెట్టారు. నా మొదటి రెండేళ్ళు నలుపు తెలుపుల్లో చూసిన గది రంగుల్లో కనిపించేసరికి, ఎవరో చుట్టాల ఇల్లు తాళం తీసి చూపించినట్టు అనిపించింది. పక్కనే విటమీటావెజమిన్ బల్ల. బలానికి టానిక్కు అంటూ లూసీ ప్రకటనలో నటిస్తూ, చెంచా మీద చెంచా తాగి, అందులోని మద్యంతో తూలిపోయే సన్నివేశం అది. మనమూ కెమెరా ముందు నిలబడి ఆ మాటలు చెప్పవచ్చు. మా అమ్మాయి చెప్పింది. నాలుగోసారికి నాలుక తిరగక పగలబడి నవ్వింది. నిజానికి ఆ తడబాటు అంత తేలిక కాదు. లూసీల్ బాల్ అప్పటికప్పుడు తోచింది చేసే మనిషి కాదు. ప్రతి విన్యాసాన్నీ వారమంతా సాధన చేసేది. రచయితల్లో ఒకరైన మాడెలిన్ ప్యూ ఆ విన్యాసాలను ముందు తానే చేసి చూసేదట, ఒక ఆడమనిషి వల్ల అవుతాయో లేదో తేల్చడానికి.

తెర మీద చాక్లెట్ల ఫ్యాక్టరీ సన్నివేశం నడుస్తోంది. 1952 నాటిది. ఉద్యోగం తేలికా, ఇంటిపని తేలికా అని పందెం వేసుకుని ఆడవాళ్ళు పనికి వెళతారు, మగవాళ్ళు వంటింట్లో దిగుతారు. బెల్టు మీద చాక్లెట్లు వేగంగా వచ్చి పడుతుంటే లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్ వాటిని నోట్లో, టోపీలో, జాకెట్టులో కుక్కుకుంటారు. అత్తయ్య ఇక్కడ మాత్రం బల్ల వెతుక్కోలేదు. రెండుసార్లు చూసి, "పెళ్ళివారి బంతిలో గారెలు వడ్డించినట్టు ఉంది" అన్నారు. అదే ఎపిసోడులో లూసీ పక్కన కూర్చుని ఆమె చెంప వాయించే మనిషి నటి కాదు, నిజంగా చాక్లెట్లు చేసే ఉద్యోగిని.

మ్యూజియంలో చూసినదానికి నేను చదివినది జోడించి ఆ సాయంత్రం మావాళ్ళకు కథంతా చెప్పాను. 1911 ఆగస్టు 6న పుట్టింది. మూడేళ్ళు దాటాయో లేదో, టెలిఫోను తీగల పని చేసే తండ్రి టైఫాయిడ్‌తో పోయాడు. తాతగారింట సెలొరాన్‌లో పెరిగింది. పదిహేనేళ్ళ ప్రాయంలో న్యూయార్కు నాటక పాఠశాలకు వెళితే, ఈ పిల్ల పనికిరాదని తల్లికి ఉత్తరం రాశారు. బెట్టీ డేవిస్ అక్కడ తోటి విద్యార్థిని. ఆ తర్వాత మోడలింగ్, 1933లో హాలీవుడ్, అక్కడ ఏళ్ళ తరబడి చిన్నా చితకా సినిమాలు. 1940లో క్యూబా నుంచి వచ్చిన డెజీతో పెళ్ళి.

సీబీఎస్ అనే ప్రసార సంస్థ టీవీలో హాస్య ధారావాహిక చేయమన్నప్పుడు, భర్త పాత్ర డెజీకే ఇవ్వాలని పట్టుబట్టింది. అమెరికా పిల్లకు యాస ఉన్న క్యూబా మొగుడా, ఎవరు నమ్ముతారని వాళ్ళు సందేహించారు. దంపతులిద్దరూ 1950లో ఊరూరా వేదికల మీద కలిసి ఆడి, జనం నమ్ముతారని చూపించారు. 1951 అక్టోబరు 15న మొదటి ఎపిసోడు వచ్చింది. యాస ఉన్న ఇంగ్లీషుకు అప్పట్లో నాకు టీవీలో కనిపించిన ఏకైక తోడు ఆ రికీయే.

ఇక అసలు సంగతి. అప్పుడు టీవీ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్కు నుంచి ప్రత్యక్షంగా ప్రసారమయ్యేవి. వీళ్ళు హాలీవుడ్‌లోనే ఉండి, ప్రేక్షకులను ఎదురుగా కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో ఫిల్ము మీద తీస్తామన్నారు. ఖర్చు ఎక్కువ. అయితే మా జీతం కొంత తగ్గించుకోండి, ఆ ఫిల్ముల మీద హక్కు మాకు ఇవ్వండి అన్నారు. పాత ఎపిసోడును మళ్ళీ ఎవరు చూస్తారనుకున్నారో ఏమో, ఇచ్చేశారు. తర్వాత అవే ఎపిసోడ్లను సీబీఎస్ మళ్ళీ కొనుక్కోవలసి వచ్చింది. ఒకప్పుడు లూసీ జీతానికి పనిచేసిన ఆర్కేవో స్టూడియోను 1957లో వాళ్ళ సంస్థ డెజిలూ కొనేసింది. 1960లో విడాకులు. 1962లో డెజీ వాటా కూడా కొని లూసీ ఒక్కతే సంస్థను నడిపింది. 'స్టార్ ట్రెక్', 'మిషన్ ఇంపాజిబుల్' టీవీలో మొదలైంది ఆమె స్టూడియోలోనే. 1967లో అమ్మేటప్పుడు 1.7 కోట్ల డాలర్లు.

"మన భానుమతిలాగా అన్నమాట, సొంత స్టూడియో" అన్నారు అత్తయ్య. అంతకంటే బాగా నేను చెప్పలేను. తెర మీద మొగుడిని బతిమాలుకునే ఇల్లాలు, తెర వెనుక స్టూడియో యజమాని. 2001లో ఈ రెండో సంగతి నాకు తెలిసి ఉంటే అలా కూరలు తరుగుతూ నవ్వేదాన్నా? మా ఆయన అప్పుడు కిటికీలోంచి సరస్సు వైపు చూస్తున్నారు. "నాకెప్పుడూ చెప్పలేదే" అన్నారు. అడగలేదు కదా మీరు, అన్నాను.

అత్తయ్యకు అర్థం కానిది ఇంకొకటి. లూసీ నిజంగా గర్భవతి అయితే దాన్నే కథలోకి తెచ్చారు. కానీ ఆ ఇంగ్లీషు మాట మాత్రం టీవీలో పలకకూడదు. 1953 జనవరి 19న తెర మీద లూసీ ఆసుపత్రికి వెళ్ళిన రోజే నిజంగానూ కొడుకు పుట్టాడు. టీవీ ఉన్న ఇళ్ళలో 70 శాతానికి పైగా ఆ ఎపిసోడు చూశాయి. "బిడ్డను చూపించవచ్చు గానీ కడుపుతో ఉందని అనకూడదా?" అని అత్తయ్య ఆశ్చర్యపోయారు.

సెలొరాన్‌లో ఆమె పెరిగిన వీధికి ఇప్పుడు లూసీ పేరే పెట్టారు. ఇంట్లో వేరేవాళ్ళు ఉంటున్నారు, వీధిలోంచి చూసి వచ్చేయాలి. హోటలు పక్కన ఆమె పేరిట ఉన్న పార్కుకు టికెట్టు లేదు. 2009లో అక్కడ పెట్టిన కంచు విగ్రహం ఎంత భయంకరంగా ఉందంటే, జనం దానికి 'భయపెట్టే లూసీ' అని పేరు పెట్టి గోల చేశారు. 2016లో ఆమె పుట్టినరోజున శిల్పి కరోలిన్ పామర్ చేసిన కొత్త విగ్రహాన్ని ఆవిష్కరించారు. గౌను అంచు ఎగురుతూ, నడుస్తున్నట్టే ఉంటుంది. తమాషా ఏమిటంటే పాతదాన్ని పారేయలేదు, కొంచెం దూరంగా అదే పార్కులో ఉంచారు. మేము చూసినంతసేపూ ఫొటోలకు జనం దాని దగ్గరే ఎక్కువ. తన ముఖాన్ని అంత వికారంగా చేసినందుకు లూసీ ఏమనుకునేదో గానీ, దాని పక్కన నిలబడి పళ్ళు ఇకిలించిన వాళ్ళలో మా ఆయనా ఉన్నారు.

లేక్ వ్యూ శ్మశానవాటిక ఉత్తరాన చెట్ల నీడలో ఉంది. 1989లో లాస్ ఏంజెలెస్‌లో చనిపోయిన ఆమెను అక్కడే సమాధి చేస్తే, 2002లో పిల్లలు ఆ అవశేషాలను ఇక్కడికి, తల్లి తరఫు వారి మధ్యకు తెచ్చారు. అత్తయ్య కారు దిగలేదు. శ్మశానానికి వెళితే తలస్నానం చేయాలి, ప్రయాణంలో కుదరదు అన్నారు. నేను, అమ్మాయి పది నిమిషాలు ఉండి వచ్చాం.

ఒక పగలు, ఒక రాత్రి ఈ ఊరికి సరిగ్గా సరిపోతాయి. లూసీని ఎప్పుడూ చూడనివాళ్ళు రెండు మూడు ఎపిసోడ్లు చూసి వెళ్ళండి, లేకపోతే ఆ ఫ్లాటు ఉత్త సోఫా, పియానో. ఆగస్టులో ఆమె పేరిట హాస్యోత్సవం జరిగే రోజుల్లో గదులకు పోటీ ఉంటుందని హోటలువాళ్ళు చెప్పారు. శీతాకాలంలో ఇటు మంచు విపరీతం, ఆ సాహసం వద్దు.

మర్నాడు నయాగరాకు వెళుతూ వెస్ట్‌ఫీల్డ్ వైపు మళ్ళాం. ఎరీ సరస్సు ఒడ్డున మైళ్ళ కొద్దీ ద్రాక్ష తోటలు, కోత కాలం, గాలిలో తీపి వాసన. రోడ్డు పక్కన ఒక బుట్ట కాంకర్డ్ ద్రాక్ష కొన్నాం. నోట్లో వేసుకుంటే తోలు జారి విడిపోతుంది, లోపల గింజలు. లూసీ ఇటలీలో ద్రాక్ష తొట్టిలోకి దిగి తొక్కుతూ ఇంకొకావిడతో కలబడిన ఎపిసోడు మా అమ్మాయి అప్పటికే ఫోనులో వెతికి నానమ్మకు చూపిస్తోంది. నవ్వుతూ అత్తయ్య చేతిలోని గుత్తి జారవిడిచారు. బఫెలో దాటేసరికి బుట్ట సగమైంది. వెనుక సీటు మీద ఊదారంగు మరక ఇప్పటికీ ఉంది.