క్యామెల్ కుబర్నెటీస్ జాబ్ కనెక్టర్: పని మొదలుపెట్టడంలో దిట్ట, కబురు మాత్రం మనమే కనుక్కోవాలి

ముందే చెప్పేస్తున్నా. మీరు ఇప్పటికే అపాచీ క్యామెల్ (రకరకాల సాఫ్ట్‌వేర్ల మధ్య సమాచారం చేరవేసే సాధనం) వాడుతున్నట్లయితే, కుబర్నెటీస్ క్లస్టర్‌లో (ప్రోగ్రాముల్ని కంటైనర్లలో నడిపే కంప్యూటర్ల గుంపు) బ్యాచ్ పనులు మొదలుపెట్టడానికి దాని కుబర్నెటీస్-జాబ్ కనెక్టర్ నిశ్చింతగా తీసుకోవచ్చు. కానీ ఆ పని పూర్తయిందా, మధ్యలో ఆగిందా అని ఎవరికైనా జవాబు చెప్పాల్సిన బాధ్యత మీదైతే, ఆ సగం మీరే కట్టుకోవాలి. నాకు ముఖ్యమైంది ఆ రెండో సగమే కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. మా చిన్న ఆఫీసులో చేసేది షాపుల, మిల్లుల జీఎస్టీ బిల్లుల పని. సరిహద్దులో ఈ పనికి ఉన్న తలనొప్పి లోపలి ఊళ్లవాళ్లకి అంతగా తెలియదు. ఒకే షాపు, ఒకే రకం సరుకు, ఊళ్లోనే అమ్మితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు ముక్కలు, అదే పాతపట్నం పంపితే ఐజీఎస్టీ, సరుకు విలువ 50 వేలు దాటితే పైన ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం). జీఎస్టీ నంబరు 21తో మొదలైతే ఒడిశా, 37తో మొదలైతే ఆంధ్ర. ప్రతి బిల్లునీ ఈ రెండు అంకెలు చూసి, సరుకు ఎక్కడికి చేరిందో చూసి, వేసిన పన్ను సరైనదో కాదో తేల్చాలి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) గడువు 11వ తేదీ కాబట్టి ఆ ముందు రెండు మూడు రాత్రులు మా సిస్టమ్ మీద వరద, నెల మధ్యలో ఈగలు తోలుకోవడం. ఇలాంటి పనికి రోజంతా నడిచే సర్వర్ దండగ. పని ఉన్నప్పుడు పుట్టి, అయ్యాక పోయే జాబ్ అనే ఏర్పాటు సరిగ్గా సరిపోతుంది.

బిల్లులు మాకు రకరకాల దారుల్లో వస్తాయి. కొందరు మెయిల్ చేస్తారు, కొందరి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎస్‌ఎఫ్‌టీపీలో ఫైలు పడేస్తుంది. ఆ దారులన్నీ ఒకచోట కలపడానికే క్యామెల్ పెట్టుకున్నాం, ఆ పనిలో దానికి వంక పెట్టడానికి లేదు. లెక్క చూసి, ఒడియాలోనో తెలుగులోనో స్టేట్‌మెంట్ పీడీఎఫ్ తయారు చేసే బరువైన పనిని మాత్రం క్యామెల్ లోపల చేయించకూడదనుకున్నాం. ఒత్తులు, గుణింతాలు చెదరకుండా రెండు లిపుల్లో పీడీఎఫ్ రావాలంటే ఫాంట్లు, అక్షరాల్ని సరిగ్గా కూర్చే షేపింగ్ లైబ్రరీలు అన్నీ ఉన్న ఇమేజ్ (ప్రోగ్రామ్‌నీ దానికి కావాల్సినవాటినీ కట్టిన మూట) కావాలి, మెమరీ కూడా బాగా తింటుంది. అది కూలితే దాంతోపాటు బిల్లులు తీసుకునే రూట్ (క్యామెల్‌లో మెసేజ్ నడిచే దారి) కూడా కూలకూడదు. అందుకే ఒక్కో ఖాతాదారుకి ఒక్కో జాబ్.

ఇక కాన్ఫిగరేషన్. క్యామెల్-కుబర్నెటీస్ డిపెండెన్సీ చేర్చుకోవాలి, స్ప్రింగ్ బూట్ అయితే దానికో స్టార్టర్ ఉంది. లోపల పని చేసేది ఫ్యాబ్రిక్8 వాళ్ల కుబర్నెటీస్ క్లయింట్ (క్లస్టర్‌తో మాట్లాడే జావా లైబ్రరీ). ఆ క్లయింట్‌ని ఒక బీన్‌గా (పేరుతో పిలవగల జావా ఆబ్జెక్ట్) తయారు చేసి, ఎండ్‌పాయింట్‌లో (రూట్‌లో కనెక్టర్‌ని పిలిచే చిరునామా) కుబర్నెటీస్‌క్లయింట్ అనే ఆప్షన్‌కి దాని పేరు ఇస్తే, మాస్టర్ (క్లస్టర్ ఏపీఐ సర్వర్) చిరునామా ఖాళీగా వదిలేసినా నడుస్తుంది. టోకెన్లు, సర్టిఫికెట్లు విడివిడిగా ఎండ్‌పాయింట్‌లోనే ఇచ్చే ఆప్షన్లూ ఉన్నాయి కానీ, మీ క్యామెల్ అదే క్లస్టర్‌లో పాడ్‌గా (కంటైనర్లని నడిపే చిన్న యూనిట్) నడుస్తుంటే వాటి జోలికే పోకండి, సర్వీస్ అకౌంట్ టోకెన్‌ని (పాడ్‌కి క్లస్టర్ ఇచ్చే గుర్తింపు) క్లయింట్ తనంతట తానే చదువుకుంటుంది. ఆ అకౌంట్‌కి ఇచ్చే రోల్‌లో బ్యాచ్ ఏపీఐ గ్రూపు కింద జాబ్స్‌కి క్రియేట్, గెట్, లిస్ట్, డిలీట్ చాలు. తొందరలో క్లస్టర్-అడ్మిన్ ఇచ్చేసేవాళ్లు చాలామంది ఉంటారు, దయచేసి ఆ పని చేయకండి. ఇవి జనం వ్యాపార లెక్కలు.

ఏం చేయాలో ఆపరేషన్ అనే ఆప్షన్ చెబుతుంది: జాబ్‌ని సృష్టించడం, ఒకదాన్ని తెచ్చుకోవడం, మొత్తం జాబితా, లేబుల్‌ని బట్టి జాబితా, తీసేయడం, ఇలా. మిగతా వివరాలు హెడర్లలో (మెసేజ్‌కి తగిలించే చీటీలు) వెళ్లాలి. జాబ్ పేరు, నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో ఒక విడి విభాగం), లేబుళ్లు, జాబ్ స్పెక్ (జాబ్ ఎలా నడవాలో చెప్పే వివరం) అన్నిటికీ విడివిడి హెడర్లు. స్పెక్ అంటే యామల్ (కుబర్నెటీస్ సెట్టింగులు మామూలుగా రాసే టెక్స్ట్ పద్ధతి) ముక్క కాదు, జావా ఆబ్జెక్ట్. బిల్డర్లతో కట్టాలి. యామల్‌కి అలవాటు పడ్డవాళ్లకి మొదట్లో చిరాకు పుడుతుంది, నాకైతే ఇదే నచ్చింది, ఎందుకంటే తప్పుడు ఫీల్డ్ పేరు రాస్తే రాత్రి పదకొండుకి కాకుండా పగలు కంపైల్ చేసేటప్పుడే దొరికిపోతుంది.

జాబ్ పేరు విషయం కొంచెం ఆలోచించి చేయండి. మేం జీఎస్టీ నంబరు, నెల కలిపి పేరు పెడతాం. జీఎస్టీ నంబర్లో పెద్దబడి అక్షరాలు ఉంటాయి, కుబర్నెటీస్ పేర్లలో పెద్దబడి ఒప్పుకోదు, చిన్నబడి అక్షరాలు, అంకెలు, హైఫన్ వాడాలి, కాబట్టి ముందే మార్చుకోవాలి. పొడవు 63 అక్షరాల లోపు ఉంచుకోండి. ఇలా పేరు స్థిరంగా ఉండటంలో ఒక గొప్ప లాభం ఉంది: ఖాతాదారు ఒకే ఫైలు రెండుసార్లు పంపితే, అదే పేరుతో జాబ్ ఉంది కాబట్టి ఏపీఐ 409 అని తిరగ్గొడుతుంది, ఒకే పనికి రెండు జాబ్‌లు పుట్టవు. రూట్‌లో ఆ 409ని పట్టుకుని "ఇప్పటికే నడుస్తోంది" అని రాసుకుంటే సరి. ప్రతిసారీ కొత్త రాండమ్ పేరు పెట్టేవాళ్లు ఈ కాపుదలని చేజేతులా వదులుకుంటున్నట్టే. సవరించిన ఫైలు పంపితే పేరు చివర వెర్షన్ సంఖ్య పెంచుతాం.

ఇంకో ముఖ్యమైన సంగతి, మెసేజ్ బాడీ జాబ్ దగ్గరికి వెళ్లదు. క్యామెల్ అలవాటున్నవాళ్లకి ఇది మింగుడుపడదు, మిగతా కనెక్టర్లలో బాడీయే కదా ప్రయాణించేది. ఇక్కడ బిల్లుల ఫైలుని ముందు ఏదైనా స్టోరేజ్‌లో పెట్టి, దాని దారిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా స్పెక్‌లో రాయాలి. కాన్ఫిగ్‌మ్యాప్‌లో (సెట్టింగులు దాచే కుబర్నెటీస్ ఏర్పాటు) కూరేద్దాం అనుకుంటారేమో, దానికి 1 మెబీబైట్ హద్దు ఉంది, నెల బిల్లులకి చాలదు. పైగా జాబ్ సృష్టించిన తర్వాత బాడీలో మీ పాత సరుకు ఉండదు, సృష్టించిన జాబ్ ఆబ్జెక్ట్ వచ్చి కూర్చుంటుంది. తర్వాతి అడుగుల్లో కావాల్సింది ఏదైనా ఉంటే ముందే ఎక్స్ఛేంజ్ ప్రాపర్టీలో (రూట్ పొడవునా మెసేజ్ వెంట ఉండే విలువ) దాచుకోండి.

స్పెక్‌లో పెట్టాల్సినవాటికి వస్తే, రీస్టార్ట్ పాలసీ నెవర్ కానీ ఆన్‌ఫెయిల్యూర్ కానీ తప్పనిసరిగా రాయాలి, రాయకపోతే పాడ్ మామూలు విలువ ఆల్వేస్ కాబట్టి జాబ్‌ని ఏపీఐ తిప్పి కొడుతుంది. బ్యాకాఫ్‌లిమిట్ (మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నించాలన్న హద్దు) ఏమీ రాయకపోతే 6. అంటే పడ్డ పాడ్‌ని 10 సెకన్లు, 20, 40 అలా ఎడం పెంచుకుంటూ, ఆరు నిమిషాల గరిష్ఠ ఎడంతో మళ్లీ మళ్లీ లేపుతుంది. నెట్‌వర్క్ సమస్యకి ఇది మంచిదే. కానీ షాపు వాళ్లు బిల్లులో జీఎస్టీ నంబరే తప్పు రాస్తే ఎన్నిసార్లు లేపినా అదే తప్పు, ఊరికే సమయం వృథా. దీనికి పాడ్ ఫెయిల్యూర్ పాలసీ వాడండి, కుబర్నెటీస్ 1.31 నుంచి అది స్టేబుల్. డేటా తప్పుకి మా ప్రోగ్రామ్ ఒక ప్రత్యేకమైన ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ఆగేటప్పుడు చెప్పే సంఖ్య) ఇస్తుంది, ఆ కోడ్ కనబడితే జాబ్ అక్కడికక్కడే ఫెయిల్ అవుతుంది, ఆ ఖాతాదారుకి అదే రాత్రి మెసేజ్ వెళ్తుంది. రీస్టార్ట్ పాలసీ నెవర్ ఉంటేనే ఇది పనిచేస్తుంది. యాక్టివ్ డెడ్‌లైన్ సెకన్లు కూడా పెట్టండి, ఎక్కడో ఇరుక్కుపోయిన జాబ్‌ని అది ఆపేస్తుంది, బ్యాకాఫ్ ఇంకా మిగిలి ఉన్నా సరే.

ఇప్పుడు అసలు విషయం. ఈ కనెక్టర్‌కి ప్రొడ్యూసర్ మాత్రమే ఉంది, కన్స్యూమర్ లేదు. అంటే జాబ్ పుట్టించమని చెప్పగలం, అడగగలం, కానీ "జాబ్ అయిపోయింది" అని అది తనంతట తాను వచ్చి రూట్‌ని లేపదు. జాబ్ సృష్టించిన మరుక్షణం క్యామెల్ లాగ్‌లో అంతా పచ్చగా కనిపిస్తుంది, నిజానికి అప్పటికి పాడ్ ఇంకా ఇమేజ్ దింపుకుంటూ ఉండొచ్చు. పదో తేదీ రాత్రి మా ఖాతాదారు ఫోన్ చేసి "ఏటి బాబూ, నా కాయితాలు ఎక్కేయా లేదా?" అని అడిగితే "మొదలెట్టాం" అనే జవాబు పనికిరాదు. ఆలస్యమైతే లేట్ ఫీజు కట్టేది ఆయన.

దీనికి రెండు దారులు. ఒకటి, టైమర్ రూట్ పెట్టి, లేబుల్ ప్రకారం జాబితా తెప్పించుకుని, ఒక్కో జాబ్ స్టేటస్‌లో కంప్లీట్, ఫెయిల్డ్ అనే కండిషన్లు చూడటం. రెండోది, కుబర్నెటీస్-పాడ్స్ కనెక్టర్‌కి కన్స్యూమర్ ఉంది కాబట్టి, జాబ్ తాలూకు పాడ్ల మార్పుల్ని దాంతో వినడం. రెండోది వెంటనే తెలుస్తుంది, కానీ పాడ్ పడిపోవడం వేరు, జాబ్ ఫెయిల్ అవ్వడం వేరు. ఒక పాడ్ పడ్డాక ఇంకొకటి లేచి పని పూర్తి చేయొచ్చు, అప్పటికే మనం ఖాతాదారుకి "ఫెయిల్" అని పంపేస్తే ఆయనకి టెన్షన్, మనకి మాట. అందుకే తీర్పు ఎప్పుడూ జాబ్ కండిషన్ చూసే చెప్పాలి అన్నది నా గట్టి అభిప్రాయం. మేం టైమర్ దారే పట్టాం. కొన్ని నిమిషాల ఆలస్యం మాకు ఫర్వాలేదు, తప్పుడు కబురు మాత్రం వద్దు.

టైమర్ దారిలో ఒక మెలిక ఉంది. అయిపోయిన జాబ్‌లు పేరుకుపోకుండా టీటీఎల్ సెకన్స్ ఆఫ్టర్ ఫినిష్డ్ అని పెడతాం కదా, ఆ విలువ మీ టైమర్ ఎడం కంటే బాగా ఎక్కువ ఉండాలి. తక్కువైతే మీరు చూసేలోపే జాబ్ తుడిచిపెట్టుకుపోతుంది, అయిందో కాలేదో సాక్ష్యం ఉండదు. పైన చెప్పిన 409 కాపుదల కూడా జాబ్ ఉన్నంతసేపే. మేం దాన్ని గడువు తేదీ దాటేదాకా ఉంచి, ఫలితాన్ని విడిగా డేటాబేస్‌లో కూడా రాసుకుంటున్నాం. లాగ్‌లు పాడ్‌తో పాటే పోతాయి, అవి కావాలంటే వేరే చోటికి పంపే ఏర్పాటు చేసుకోండి.

వరద రాత్రుల్లో ఒకేసారి బోలెడు జాబ్‌లు పుట్టిస్తే, క్లస్టర్‌లో చోటు లేనివి పెండింగ్‌లో కూర్చుంటాయి. పెండింగ్‌లో ఉన్నా యాక్టివ్ డెడ్‌లైన్ గడియారం తిరుగుతూనే ఉంటుంది, ఇది గుర్తుంచుకోండి. కనెక్టర్‌లో క్యూ లాంటిది ఏమీ లేదు. క్యామెల్‌లోనే థ్రాటిల్ ఉంది, దాన్ని ముందు పెట్టి కొద్దికొద్దిగా వదలడం మాకు బాగా కుదిరింది. ప్రతి కంటైనర్‌కీ మెమరీ రిక్వెస్ట్, లిమిట్ రాయడం మానకండి.

క్యామెల్ లేనివాళ్లు ఈ కనెక్టర్ కోసం క్యామెల్ పెట్టుకోవాలా అంటే, అక్కర్లేదు. రోజూ ఒకే సమయానికి నడిచే పని అయితే కుబర్నెటీస్ సొంత క్రాన్‌జాబ్ చాలు. 1.27 నుంచి టైమ్‌జోన్ ఫీల్డ్ కూడా స్టేబుల్ అయింది, ఏషియా/కోల్‌కతా అని రాసేస్తే ఐదున్నర గంటలు కూడుకుని తీసేసుకునే బాధ తప్పుతుంది. ఫైలు వచ్చినప్పుడే పని మొదలవ్వాలి, ఫైళ్లు నాలుగు దారుల్లో వస్తాయి, ఒక్కో దానికి ఒక్కో రకం తనిఖీ కావాలి అన్నప్పుడే క్యామెల్, ఈ కనెక్టర్ విలువ తెలుస్తుంది. లైసెన్స్ అపాచీ 2.0, కాబట్టి డబ్బు కట్టేదేమీ లేదు, ఖర్చంతా క్లస్టర్‌దే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు క్యామెల్ 4 మీద మొదలుపెట్టండి, దానికి కనీసం జావా 17 కావాలి. రూట్ రాసే మొదటిరోజే స్టేటస్ చూసే రూట్ కూడా పక్కనే రాసేయండి, అది లేకుండా ఒక్క ఖాతాదారు ఫైలు కూడా లైవ్‌లోకి తీసుకోకండి.