డాయిచ్ డీటీ కప్లర్లు, నాలుగు వానాకాలాల తర్వాత: వైరు లావు కొలవకపోతే సీలు ఉన్నా లేనట్టే

డీటీ కప్లర్లంటే బండి వైర్లను కలిపే, నీళ్లు దూరకుండా రబ్బరు సీళ్లుండే కనెక్టర్లు. వీటి మీద నాకున్న ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు. కానీ వీటి గురించి చెప్పేవాళ్లంతా ఆంపియర్లు చెబుతారు, నీళ్లనూ దుమ్మునూ ఎంత ఆపుతుందో తెలిపే ఐపీ రేటింగు చెబుతారు, టక్కుమని ఎంత బాగా పడుతుందో చెబుతారు. వెనక రబ్బరులోకి దూరే వైరు ఎంత లావుండాలో మాత్రం ఎవరూ చెప్పరు. నీళ్లు ఆగేదీ ఆగనిదీ ఆ ఒక్క కొలత మీదే ఉంది. అది తెలియకుండా కొంటే డబ్బు పెట్టి ప్లాస్టిక్ డబ్బా కొన్నట్టే.

బండి పాత జిప్సీ, తిరిగేది విశాఖ తీరం. ఉప్పు గాలి, ఇసుక, వానలో రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. పాత వైరింగు తీసేసి కొత్తది వేసినప్పుడు ఫాగ్ ల్యాంపులు, హారన్, పార్కింగ్ లైట్లు, వాషర్ మోటారు, రివర్స్ లైటు, వెనక లైట్లు అన్నీ కలిపి 11 డీటీ కప్లర్లు పడ్డాయి. వైరు మొత్తం ఆటోమొబైల్ రకమే, పల్చటి తొడుగుండే ఎఫ్‌ఎల్‌ఆర్‌వై. ఇళ్లలో వాడే వైరు బండికి వేయకూడదన్న జాగ్రత్తతోనే అది ఎంచుకున్నాను. ఇంజను వేడికి 70 డిగ్రీల ఇంటి వైరు తట్టుకోదు కాబట్టి ఆ ఎంపిక సరైనదే. తేడా వచ్చింది ఆ వైరుకూ ఈ కప్లరుకూ జోడీ కుదరని చోట.

రెండో వానాకాలంలో కుడివైపు ఫాగ్ ల్యాంపు మసకబారింది. ఫ్యూజు బాగుంది, రిలే బాగుంది, ఎర్త్ బోల్టు శుభ్రంగా ఉంది. ఇలాంటప్పుడు మల్టీమీటరు పెట్టాల్సింది బల్బు దగ్గర కాదు, కప్లరుకు ఈ పక్కా ఆ పక్కా. లైటు వెలుగుతుండగానే ఒక ప్రోబు లోపలికొచ్చే వైరు మీద, రెండోది బయటికెళ్లే వైరు మీద పెట్టి చూడాలి. బాగున్న డీటీ జోడీలో ఈ లోడు మీద నాకు వచ్చింది 15 మిల్లీవోల్టుల చుట్టుపక్కల. మసకబారిన దాంట్లో పాజిటివ్ వైపు 1.1 వోల్టు. 55 వాట్ల బల్బు తీసుకునేది దాదాపు నాలుగున్నర ఆంపియర్లు, అంటే ఆ చిన్న పిన్ను దగ్గరే ఐదు వాట్ల వేడి పుడుతోంది. వేలితో తాకితే కప్లరు ఒళ్లు వెచ్చగా తెలిసింది.

విప్పితే ముందు భాగం, అంటే రెండు సగాలూ కలిసే చోట ఉండే రబ్బరు రింగు, పొడిగానే ఉంది. అక్కడ చుక్క నీరు లేదు. పిన్నుల వెనక, వైరు దూరే వైపు మాత్రం పచ్చటి చిలుము. అదీ రెండు పిన్నులకూ సమానంగా లేదు. పాజిటివ్ పిన్ను సగం తినేసినట్టుంది, నెగెటివ్ కాస్త మసకబారిందంతే. తడిలో డీసీ కరెంటు ఉంటే ఇలాగే జరుగుతుంది, పాజిటివ్ వైపు లోహమే కరిగిపోతుంది. ఉప్పు నీరైతే ఇంకా వేగంగా. వైరు తొడుగు చీరి చూస్తే లోపలి పోగులు నల్లబడి ఉన్నాయి. మెరిసే రాగి కనిపించేదాకా కోసుకుంటూ పోతే 8 సెం.మీ. పోయింది. అందుకే ప్రతి కప్లరు దగ్గరా కనీసం 15 సెం.మీ. అదనపు వైరు వదలమని అడిగిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను. అది లేకపోతే మధ్యలో అతుకు వేయాల్సి వస్తుంది, ఆ అతుకే తర్వాతి తలనొప్పి అవుతుంది.

కారణం వెర్నియర్ పెడితే తేలింది. డీటీ మామూలు బాడీలో వెనక రబ్బరు పట్టుకునేది బయటి కొలత 2.23 నుంచి 3.68 మి.మీ. ఉన్న వైర్లను. ఎఫ్‌ఎల్‌ఆర్‌వైలో 1 చదరపు మి.మీ. (ఇది లోపలి రాగి అడ్డుకోత) వైరు బయటి కొలత గరిష్ఠంగా 2.1 మి.మీ. 0.75 అయితే 1.9. 0.5 అయితే 1.6 మాత్రమే. అంటే బండ్లలో ఎక్కువగా వాడే మూడు సైజులూ ఆ రబ్బరుకు అందవు. 1.5 వైరు గరిష్ఠం 2.4, నా దగ్గరున్నది కొలిస్తే 2.3, అంచు మీద నిలబడింది. 2.5 వైరు 3 మి.మీ. దాకా ఉంటుంది, హాయిగా సరిపోతుంది, కానీ ఫాగ్ ల్యాంపుకు అంత వైరు ఎవరు వేస్తారు? చిక్కేమిటంటే 1 చదరపు వైరుకు రాగి ప్రకారం పిన్ను సరిగ్గా సరిపోతుంది, క్రింపు (పిన్నును వైరు మీద నొక్కి బిగించడం) బాగా పడుతుంది, లాగితే రాదు, దూర్చితే టక్కుమంటుంది. అన్నీ సరిగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది. రబ్బరు రంధ్రంలో వైరు చుట్టూ వెంట్రుక సందు మాత్రం మిగిలిపోతుంది.

ఆ సందు ఉంటే చాలా, నీళ్లు అంత లోపలికి ఎలా వెళ్తాయి అని అడుగుతారు. కప్లరు వేడిగా ఉన్నప్పుడు దాని మీద చల్లటి నీళ్లు పడితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. అలా ఏర్పడిన ఖాళీ, దారి దొరికిన చోటి నుంచి నీటిని లోపలికి పీల్చేస్తుంది. ముందు రింగు గట్టిగా ఉంది కాబట్టి దారి వెనకే. ఒక సగం బాగా మూసుకుని రెండో సగం వదులైతే, పూర్తిగా తెరిచి ఉన్న పాత కప్లరు కన్నా ఇదే అన్యాయం. అందులో నీళ్లు పోతే ఆరిపోతాయి, ఇందులో లోపలికి పోయిన తడి ఇక బయటికి రాదు.

మిగతా కప్లర్లన్నీ విప్పి చూస్తే లెక్క సరిగ్గా కుదిరింది. ఎడమ ఫాగ్ ల్యాంపు, అదే 1 చదరపు వైరు, చిలుము మొదలైంది. పార్కింగ్ లైట్లవి 0.75, కానీ అవి హెడ్‌లైటు వెనక కాస్త మరుగున ఉన్నాయి కాబట్టి తెల్లటి పొడి మాత్రం కనిపించింది. 1.5 వైరున్నవన్నీ పొడిగా ఉన్నాయి. తప్పు కప్లరుది కాదు, ఈ కొలత చూడకుండా జోడీ కట్టినవాడిది. కిట్టు అమ్మినవాళ్లు ఆ కొలత పెట్టె మీద రాయలేదన్న కోపం మాత్రం నాకుంది. రంగురంగుల వెడ్జులు (పిన్నులు జారకుండా పట్టి ఉంచే ముక్కలు), పిన్నులు, బాడీలు అన్నీ ఒకే పెట్టెలో పెట్టి "అన్ని వైర్లకూ" అని అమ్ముతారు.

మందు ఉంది. డీటీలోనే సన్న వైర్ల కోసం వేరే సీలుతో బాడీ దొరుకుతుంది, అది 1.35 నుంచి 3.05 మి.మీ. దాకా పట్టుకుంటుంది. చూడ్డానికి దాదాపు మామూలు దాని లాగే ఉంటుంది, ఆర్డరు నంబరు చివరి అక్షరాల్లో తేడా. పిన్నులు, వెడ్జులు అవే సరిపోతాయి. ఫాగ్ ల్యాంపులకు అవి వేసి రెండు వానాకాలాలు గడిచాయి. ఈ ఏడాది విప్పితే లోపల కొత్త దానిలా మెరుస్తోంది, కొలిస్తే 14 మిల్లీవోల్టులు.

వైరుకు హీట్‌ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే స్లీవు) తొడిగి లావు చేస్తే పోదా అని చాలామంది అంటారు. పోదు. లోపల జిగురుండే స్లీవు కుంచించుకున్నాక గోడ దాదాపు 1 మి.మీ. ఉంటుంది, రెండు పక్కలా కలిపి 2.1 కాస్తా 4.1 అవుతుంది, అది రబ్బరులో దూరదు, బలవంతం చేస్తే రబ్బరు చిరుగుతుంది. జిగురులేని పల్చటి స్లీవు కొలతకు సరిపోతుంది గానీ, వైరుకూ స్లీవుకూ మధ్యలోంచి నీళ్లు నడుచుకుంటూ వెళ్లిపోతాయి.

లావు సరిపోయినా వైరు గుండ్రంగా లేకపోతే అదే గతి. రెండు వైర్లు పక్కపక్కన అతికించి ఉండే చదును వైరును చీల్చి వాడితే ఒక పక్కన సన్నటి గట్టు మిగులుతుంది, సీలు దాని మీద కూర్చోదు. ప్లయర్ పళ్ల గుర్తులు పడ్డ తొడుగు కూడా అంతే. లైటు వైపు హోల్డరు తెరిచి ఉంటే అక్కడ తాగిన నీరు పోగుల మధ్యగా దీపం వత్తిలో నూనెలా పాకి వచ్చి కప్లరులో చేరుతుంది. కప్లరుకు ఎంత మంచి సీలున్నా ఆ చివర తెరిచి ఉంటే లాభం లేదు.

క్రింపింగు విషయంలో నేను ఇదివరకు చెప్పినదాన్ని కాస్త సరిచేసుకోవాలి. మొదటి ఏడాది ఎవరు అడిగినా మామూలు ప్లయర్‌తో కూడా పని జరిగిపోతుందని చెప్పాను. రేకు మడత పిన్నులకు, చేతివాటం ఉన్నవాళ్లకు, అది కొంతవరకు నిజం. గట్టి పిన్నులకు, అంటే లేత్ మిషను మీద తిప్పిన గుండ్రటి వాటికి, నాలుగు పక్కలా గుంట పెట్టే హెచ్‌డీటీ-48-00 లాంటి టూలు కావాల్సిందే. 16 సైజు పిన్నుకు తొడుగు 6.5 నుంచి 8 మి.మీ. లోపు తీయాలి. పోగులు పిన్ను మీది చిన్న రంధ్రంలోంచి కనిపించాలి, వెనక రాగి బయటికి కనబడకూడదు. టూలు డయల్‌ను వైరు గేజు సైజు మీద పెట్టి, పిన్ను అంచు టూలు మొహానికి సమంగా వచ్చేలా స్క్రూ తిప్పుకున్నాకే నొక్కాలి. లోతు తప్పితే గుంట రంధ్రం మీద పడి పిన్ను వంగుతుంది. అరువిచ్చే స్నేహితుడు లేకుండా పది కప్లర్ల కోసం ఆ టూలు కొనడం అందరికీ గిట్టుబాటు కాదన్నదీ నిజమే. అప్పుడు రేకు పిన్నులు, వాటికి తగ్గ ప్లయర్ తీసుకోవడమే మేలు.

రెండు సగాలనూ పట్టి ఉంచే, టక్కుమని పడే లాచ్ గురించి కూడా మొదట్లో ఎక్కువ పొగిడానేమో. ఇంజను గదిలో అది ఇప్పటికీ బాగుంది. బంపరు కింద మాత్రం లాచ్ సందులో ఇసుక ఇరుక్కుని నొక్కితే కదలదు, బలవంతంగా స్క్రూడ్రైవరు పెడితే విరుగుతుంది. ముందు నీళ్లతో కడిగి, అటూ ఇటూ కదిపి, తర్వాత నొక్కాలి.

ఖాళీగా వదిలిన రంధ్రాలకు తెల్ల ప్లగ్గు పెట్టాల్సిందే, డీటీకి దాని నంబరు 114017. నాలుగు పిన్నుల కప్లరులో మూడే వాడి ఒకటి అలాగే వదిలేయడం చాలా చోట్ల చూశాను. లోపల గ్రీజు దట్టించడం ఇంకో అలవాటు. వీటి సీళ్లు సిలికాన్ రబ్బరువి, సిలికాన్ గ్రీజు వాటిని ఉబ్బిస్తుంది, పైగా లోపల గ్రీజు నిండితే రెండు సగాలూ పూర్తిగా కలవవు. వైరును కప్లరు దాటాక కొన్ని సెంటీమీటర్లయినా వంపు లేకుండా తిన్నగా పోనిచ్చి, ఆ తర్వాత ఒక వేలాడే మడత ఇచ్చి టై కట్టాలి. వెనక నుంచే పక్కకు వంచి లాగి కడితే రబ్బరు ఒక వైపు తెరుచుకుంటుంది, వాటర్ సర్వీసింగు చేయించిన రోజే తడి లోపలికెళుతుంది.

సన్న వైర్లకు సూపర్‌సీల్ 1.5 సంగతి కూడా చెప్పాలి. మన బైకులలో చూసే కప్లరే. ఇందులో ప్రతి వైరుకూ విడిగా సీలు తొడిగి పిన్నుతో పాటు క్రింపు చేస్తారు. పసుపు సీలు 1.7 నుంచి 2.4 మి.మీ. దాకా పట్టుకుంటుంది, అంటే 0.75, 1, 1.5 ఎఫ్‌ఎల్‌ఆర్‌వై వైర్లు మూడూ అందులోకి వస్తాయి. 14 ఆంపియర్ల దాకా మోస్తుంది, లైట్లకు అది చాలు కూడా. పార్కింగ్ లైట్లకు మళ్లీ వేయాల్సి వచ్చినప్పుడు అదే వేశాను, సైజు చిన్నది కాబట్టి ఇరుకులో హాయిగా ఇమిడింది. వెనక రెక్కలు సీలును చుట్టాలి గానీ గుచ్చకూడదు, మామూలు ప్లయర్ గుచ్చేస్తుంది. 1.5 చదరపు మి.మీ. కన్నా లావు వైరు అందులో పట్టదు.

రేడియేటరు ఫ్యానుకు ఈ రెండూ వద్దు. డీటీ పిన్ను 13 ఆంపియర్లకే, ఫ్యాను మొదలయ్యే క్షణంలో అంతకు మించి లాగుతుంది. అక్కడ ఇదే కుటుంబంలోని పెద్ద పిన్నుల కప్లరు, 25 ఆంపియర్ల డీటీపీ వేశాను, దాంతో ఏ ఇబ్బందీ రాలేదు, అందుకే దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

నా లెక్కలన్నీ సముద్రం పక్కన నీళ్లలో తిరిగే, పైకప్పు సరిగ్గా లేని బండివి. పొడి ఊళ్లో షెడ్డులో ఉండే కారుకు మామూలు డీటీ బాడీలో సన్న వైరు వేసినా ఏళ్ల తరబడి ఏమీ కాకపోవచ్చు. 1.5 వైరున్న వెనక లైట్లవి మూడో ఏడాది కూడా పొడిగానే ఉన్నాయి. అంచు మీద ఉన్న 2.3 మి.మీ. వైరును రబ్బరు ముదిరాక కూడా పట్టుకుంటుందా అన్నది వచ్చే జూన్‌కి ముందు విప్పి చూస్తాను.